ఆడిట్ పేజీలో ఎర్ర సున్నా



పోస్టు కొంచెం పెద్దదే. ఇప్పుడు తీరిక లేకపోతే సేవ్ చేసుకుని రాత్రికి చదవండి. బయటి దేశం పోదామనుకుంటున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మాత్రం వదిలేయకండి.

మేం ముగ్గురం. ఒకరిది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో కోయ గుంపు, ఒకరిది మహబూబాబాద్ దగ్గర తండా, ఒకరిది పాడేరు పైన కొండమీది ఊరు. అమెరికాలో ఒకే యూనివర్సిటీలో ఎమ్మెస్ చేశాం. మగపిల్లలం ఇద్దరం ఒక గదిలో, చెల్లి ఎదురు బిల్డింగులో వేరే అమ్మాయిలతో. వంట మాత్రం ముగ్గురికీ ఒక్కచోటే. జరిగింది చెల్లికి, కానీ ఈ పోస్టు ముగ్గురం కూర్చునే రాస్తున్నాం. పేరు వద్దంది, అందుకే పెట్టలేదు.

ముందు అసలు సంగతి ఏందో చెప్పాలి. అక్కడి యూనివర్సిటీల్లో డిగ్రీ ఆడిట్ అని ఒక పేజీ ఉంటుంది. చాలా చోట్ల డిగ్రీ వర్క్స్ అనే సాఫ్ట్‌వేర్, కొన్ని చోట్ల యూ అచీవ్, ఇంకొన్ని చోట్ల వాళ్ళు సొంతంగా చేసుకున్నది. మన లాగిన్‌తో తెరిస్తే మన డిగ్రీకి ఏమేం కావాలో వరసగా కనపడుతుంది. అయిపోయిన దాని పక్కన పచ్చ టిక్కు, నడుస్తున్న దాని పక్కన సగం నిండిన నీలం గుండ్రం, కానిదాని పక్కన ఖాళీగా ఎర్ర సున్నా. ఆ ఎర్ర సున్నా పక్కనే ఇంకా ఏం కావాలో రాసి ఉంటుంది. పైన ఎంత శాతం అయిందో చూపే గీత. చూడ్డానికి ఫోన్ చార్జింగ్ గీత లాగే ఉంటుంది, అందుకే ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

మేమూ పట్టించుకోలేదు. ఓరియెంటేషన్ రోజు స్క్రీన్ మీద చూపించారు. ఆ రోజు మాకు నిద్ర లేదు, ఆ ఇంగ్లీషు చెవికి ఎక్కలేదు, భోజనం ఎక్కడ పెడతారో చూసుకుంటున్నాం.

మా కోర్సుకి 30 క్రెడిట్లు. ఒక్కో సబ్జెక్టుకి 3, అంటే మొత్తం పది సబ్జెక్టులు. ఎఫ్-1 వీసా మీద ఉన్నోళ్ళు ఫాల్‌లోనూ స్ప్రింగ్‌లోనూ ఫుల్‌టైమ్ చదవాలి, మా దగ్గర పీజీకి అది 9 క్రెడిట్లు. చెల్లి లెక్క సాఫీగా ఉంది. మొదటి ఫాల్ 9, స్ప్రింగ్ 9, ఎండాకాలం 3, ఆఖరి ఫాల్ 9. డిసెంబర్‌కి 30. వేళ్ళ మీద లెక్క పెట్టుకుని ధైర్యంగా ఉంది.

అక్టోబర్ మొదట్లో, ఓపీటీ దరఖాస్తు కోసం కాగితాలు తీస్తూ ఆడిట్ పేజీ తెరిచింది. అందులో 27 ఉంది. ఒక ఎర్ర సున్నా. పేజీ కిందికంటా పోతే, లెక్కలోకి రానివి అనే డబ్బాలో తను మొదటి సెమిస్టర్‌లో చదివిన సబ్జెక్టు పడి ఉంది. ఏ గ్రేడు వచ్చిన సబ్జెక్టు అది.

ట్రాన్స్‌క్రిప్టులో చూస్తే ఆ సబ్జెక్టు కూడా కలిపే ఉంది. ఇక్కడే మనోళ్ళు మోసపోతారు. ట్రాన్స్‌క్రిప్టు మనం ఏం చదివామో చెబుతుంది. ఆడిట్ అందులో ఏది డిగ్రీకి పనికొస్తుందో చెబుతుంది. మన ఊళ్ళ లెక్కలో చెప్పాలంటే, తాత దున్నింది నాలుగెకరాలు, అటవీ హక్కు పట్టాలో ఎక్కింది ఎకరం పది గుంటలు. చెమట మొత్తం నేల మీద పడిందని ఎవరికి చెప్తావ్? పట్టాలో ఎంతుంటే అంతే. ఇది మనకు తెలియని నీతి కాదు, మన ఇళ్ళల్లో పెద్దోళ్ళు దీంతోనే ముసలోళ్ళయ్యారు. అయినా కంప్యూటర్‌లో అదే జరిగితే మేం గుర్తుపట్టలేకపోయాం.

జరిగిందేంటంటే, ఆ సబ్జెక్టు రెండు నంబర్ల మీద నడుస్తుంది. 4000తో మొదలయ్యే నంబరు బీటెక్ లాంటి డిగ్రీ పిల్లలకు, 5000తో మొదలయ్యేది పీజీ వాళ్ళకు. క్లాసు ఒకటే, సారు ఒక్కరే, గది ఒకటే. పీజీ వాళ్ళు అదనంగా ఒక ప్రాజెక్టు చెయ్యాలి. చెల్లి చేరే టైముకి 5000 నంబరులో సీట్లు నిండిపోయాయి. అడ్వైజర్ 4000లో చేరమని, తర్వాత లెక్కలోకి తీసుకుంటామని మెయిల్ రాసింది. అది ఎక్సెప్షన్ అని ఆఫీసోళ్ళు చేత్తో ఎక్కించాలి. ఎక్కించలేదు. స్ప్రింగ్ వచ్చేసరికి ఆ అడ్వైజర్ ఉద్యోగం మారిపోయింది. కొత్తగా వచ్చినావిడకి ఏమీ తెలియదు.

సాఫ్ట్‌వేర్‌కి కోపమూ ఉండదు, ప్రేమా ఉండదు. మన సబ్జెక్టు నంబరు తీసుకుని, మనం చేరిన ఏడాది రూల్స్‌లో ఏ గడిలో పడుతుందో చూస్తుంది. పడితే పచ్చ. పడకపోతే కిందికి తోసేస్తుంది. నాలుగు రోజులు కూర్చుని మేం అర్థం చేసుకున్నది ఇంతే.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్తాం. చెల్లి ఆ ఎర్ర సున్నా చూసిన రోజుకీ, మాకు చెప్పిన రోజుకీ మధ్య తొమ్మిది రోజులు. తొమ్మిది రోజులు మాతోనే అన్నం తింది. పప్పులో ఉప్పెక్కువైందని నవ్వింది కూడా. మాకేమీ తెలియలేదు.

తర్వాత అడిగితే, "చెప్తే ఏమనుకుంటారో అని అన్నా" అంది.

"మేమేమనుకుంటాం?"

"మీరు కాదు. అందరూ. ఎస్టీ కోటాలో వచ్చింది, స్కాలర్‌షిప్పు డబ్బుతో వచ్చింది, సబ్జెక్టు నంబరు కూడా చూస్కోడం రాదు అనుకుంటారని."

మాకు నోట మాట రాలేదు. ఎందుకంటే మా ఇద్దరి లోపల కూడా ఆ మాటే ఉంది. ఆశ్రమ పాఠశాలలో మొదలైన భయం అది. సందేహం అడిగితే క్లాసు ముందు నిలబెట్టి నవ్వించిన సార్లు ఉన్నారు. అర్థం కాకపోయినా తలూపడం అక్కడే నేర్చుకున్నాం. ఆ తలూపుడు పన్నెండు వేల కిలోమీటర్లు దాటి మాతోపాటు వచ్చింది. పక్క రూములో గుంటూరు అబ్బాయి ఉండేవాడు. వాడి అన్న, బావ, మేనమామ కొడుకు అందరూ అమెరికాలోనే. ఏ చిన్న డౌటు వచ్చినా ఫోన్ కొడతాడు. వాడు మనకంటే తెలివైనోడని కాదు, అడగడానికి వాడికి మనుషులున్నారు. మన ఇంట్లో ఎవరినని అడుగుతాం? మా ముగ్గురిలో ఇద్దరి అమ్మలు ఇప్పటికీ వేలిముద్రే.

డబ్బు సంగతీ చెప్పాలి, లేకపోతే ఈ భయం అర్థం కాదు. చెల్లికి తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి వచ్చింది. 20 లక్షలు, రెండు విడతలు. రెండోది మొదటి సెమిస్టర్ రిజల్ట్ చూపించాకే. చదువుకి అది చాలదు. బ్యాంకుకి పోతే మేనేజర్ భూమి కాగితాలు చూసి, "ఏజెన్సీ భూమి, రేపు వేలం వేస్తే కొనేదెవరు" అన్నాడట. మిగతాది వాళ్ళ నాన్న మిర్చి మీద షావుకారి దగ్గర తెచ్చాడు. ఒక సబ్జెక్టు కోసం ఇంకో సెమిస్టర్ ఆగాలంటే ఫీజు, అద్దె, తిండి, ఇన్సూరెన్స్. దానికి తోడు ఐ-20 మీద ప్రోగ్రామ్ ముగింపు తేదీ డిసెంబర్ ఉంది. పొడిగింపు కావాలంటే ఆ తేదీ దాటకముందే యూనివర్సిటీలో అడగాలి. దాటితే స్టేటస్‌కే ఎసరు. ఓపీటీ దరఖాస్తు కూడా ఆ తేదీకి 90 రోజుల ముందు నుంచి, తేదీ అయ్యాక 60 రోజుల లోపల పెట్టాలి. ఆ ఒక్క తేదీ కదిలితే అన్నీ కదుల్తాయి.

ఆ ఆదివారం ముగ్గురం ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. పాత మెయిళ్ళలో సబ్జెక్టు నంబరు కొట్టి వెతికితే అడ్వైజర్ రాసిన మెయిల్ దొరికింది. రెండే లైన్లు. ఆ రెండు లైన్లే చెల్లిని బతికించాయి అనాలి. అదే మాట ఆవిడ నోటితో చెప్పి ఉంటే ఏ ఆధారమూ ఉండేది కాదు.

సోమవారం గ్రాడ్యుయేట్ ఆఫీసుకి ముగ్గురం పోయాం. కౌంటర్ దగ్గరావిడ మంచిదే, కానీ మెయిల్ చూసి తల అడ్డంగా ఊపింది. 4000 నంబరు సబ్జెక్టుని పీజీలో కలపాలంటే పిటిషన్ పెట్టాలి, సారు లెటర్ కావాలి, డిపార్ట్‌మెంట్ ఒప్పుకోవాలి, మూడు నాలుగు వారాలు పడుతుంది, అయ్యే గ్యారంటీ లేదు అంది. సారు దగ్గరికి పోతే ఆయన అడిగింది ఒక్కటే. పీజీ వాళ్ళ ప్రాజెక్టు నువ్వు చేశావా? చెల్లి చేసింది. తన నంబరుకి అక్కర్లేదని తెలియక, ఎమ్మెస్ పిల్లలందరితోపాటు చేసేసింది! రిపోర్టు ల్యాప్‌టాప్‌లో ఉంది, సారు మార్కులు వేసిన మెయిల్ కూడా ఉంది.

పిటిషన్ పెట్టాం. పెట్టి ఊరుకోలేదు. అక్టోబర్ మధ్యలో మొదలయ్యే ఎనిమిది వారాల కోర్సు ఒకటుంది, 3 క్రెడిట్లు. పిటిషన్ పోయినా డిసెంబర్‌కి 30 అవ్వాలని అందులో చేరమన్నాం. ఫీజు మూడు వేల డాలర్ల పైన. మేమిద్దరం పార్ట్‌టైమ్ డబ్బులు, తండా తమ్ముడి క్రెడిట్ కార్డు కలిపి కట్టాం. ఆ కోర్సు ఆడిట్‌లో సరైన గడిలోనే పడుతుందో లేదో చేరకముందే కొత్త అడ్వైజర్‌తో మెయిల్‌లో రాయించుకున్నాం. ఒకసారి కాలిన చెయ్యి కదా.

నవంబర్ మూడో వారంలో పిటిషన్ ఒప్పుకున్నారు. ఒకరోజు పొద్దున తెరిస్తే ఎర్ర సున్నా ఉన్నచోట పచ్చ టిక్కు. కింద ఎక్సెప్షన్ అని చిన్న అక్షరాలు. అప్పటికి ఆ ఎనిమిది వారాల కోర్సు ఫీజు వెనక్కి వచ్చే గడువు దాటిపోయింది. ఆ డబ్బు పోయినట్టే. చెల్లి కోర్సు వదలకుండా పూర్తి చేసింది, 33 క్రెడిట్లతో బయటపడింది. తొమ్మిది రోజుల ముందు చెప్పుంటే పిటిషన్ గడువు లోపలే తేలి ఆ డబ్బు మిగిలేదేమో అని మేం ఒకసారి అన్నాం. అనకుండా ఉండాల్సింది. అప్పు ఇంకా తీరుస్తోంది, నెలకి కొంత.

ఇంక మాలో ఒకడిది ఉల్టా కథ. వాడి పేజీలో గీత నూరు శాతం చూపించింది, పార్టీ కూడా అడిగాడు. నడుస్తున్న సబ్జెక్టులు కూడా అయిపోతాయనుకుని ఆ గీత లెక్క వేస్తుందని తెలియదు. ఒకదాంట్లో సీ వచ్చి జీపీఏ 3.0 కిందికి జారింది, గీత వెనక్కి పోయింది. ఎట్లా ఎక్కాడో అది వేరే పోస్టు.

పోయేవాళ్ళకి మా అనుభవంలో తేలినవి నాలుగు మాటలు. పేజీ పైన క్యాటలాగ్ ఇయర్ అని ఉంటుంది, అది మీరు చేరిన ఏడాదేనా చూడండి. అది తప్పయితే కింద ఉన్నవన్నీ వేరేవాళ్ళ రూల్స్. ప్రతి సెమిస్టర్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి పేజీని పీడీఎఫ్ తీసి దాచుకోండి. పైన గీత చూసి మూసెయ్యకుండా అట్టడుగు డబ్బా దాకా పోండి, అసలు కథ అక్కడే ఉంటుంది. ఎవరైనా చూసుకుంటాంలే అంటే, నవ్వుతూనే మెయిల్‌లో పెట్టమనండి. అన్నీ పచ్చగా ఉన్నా డిగ్రీ దానంతటదే రాదు, గ్రాడ్యుయేషన్‌కి విడిగా దరఖాస్తు పెట్టాలి, దాని గడువు ఆఖరి సెమిస్టర్ మొదట్లోనే అయిపోతుంది.

ఇక్కడ చదివేవాళ్ళకీ ఇది దూరం కాదు. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 2021లో వచ్చింది. అందులో క్రెడిట్లు మనం వేసుకోలేం, కాలేజీయే వెయ్యాలి. వేశారో లేదో చూసుకోవడం మాత్రం మన పని. ఆధార్‌లో ఒక స్పెల్లింగు, టెన్త్ మెమోలో ఒక స్పెల్లింగు ఉంటే ముందే సరిచేయించుకోండి. మన ఇంటిపేర్లు బడిలో సార్లు వాళ్ళకి వచ్చినట్టు రాశారు. బానోత్ అని ఒకచోట, బానోతు అని ఒకచోట. మడకం, మడ్కం అయి కూర్చుంది.

ఆదివారం రాత్రి తొమ్మిదికి, మన టైము, గ్రూప్ కాల్ పెడుతున్నాం. అమెరికాలో ఉన్నోళ్ళకి పొద్దున అవుతుంది. చెల్లి కూడా ఉంటుంది. ఆడిట్ పేజీ ఉన్నవాళ్ళు పీడీఎఫ్ తీసి పెట్టుకోండి, పర్సనల్ వివరాలు కొట్టేసి స్క్రీన్ మీద కలిసి చూద్దాం. అడ్మిషన్ ఇంకా రానోళ్ళు కూడా రావచ్చు. అందరి ముందు అడగలేనోళ్ళు ముందే మాలో ఎవరికైనా మెసేజ్ పెట్టండి, పేరు చెప్పకుండా మేమే అడుగుతాం.