హాన్లే కాపాడుకొన్న చీకటి

చీకటి అనగానే మనకు పాపము తలంపునకు వస్తుంది. కాని లడఖ్‌లోని హాన్లే ప్రజలు చీకటిని ఆస్తిగా కాపాడుకొంటున్నారు.

లేహ్ పట్టణము నుండి హాన్లేకు సుమారు 250 కిలోమీటర్లు. దారి చాలామేరకు సింధు నది వెంటే సాగుతుంది. అక్కడ గాలి పొడిగా ఉంటుంది, మబ్బులు తక్కువ, పట్టణాలు బహు దూరము. అందుకే 4,500 మీటర్ల ఎత్తున కొండపై శాస్త్రజ్ఞులు 2000లో పెద్ద దూరదర్శినిని నిలిపారు. 2022లో చుట్టూ 1,073 చదరపు కిలోమీటర్లను చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతముగా ప్రకటించారు. గ్రామస్థులు రాత్రివేళ కిటికీలకు మందపు తెరలు వేస్తారు, దీపాలకు మూతలు పెడతారు. వారిలో కొందరు శిక్షణ పొంది, అతిథులకు నక్షత్రములు చూపి జీవనోపాధి పొందుతున్నారు.

నక్షత్రములను లెక్కించుమని దేవుడు అబ్రాహాముతో చెప్పెను. మన వీధి దీపాల క్రింద నిలిచి ఉంటే ఆ లెక్క ఎంత త్వరగా ముగిసేదో!

ప్రియ చదువరులారా, మనము హాన్లే వరకు వెళ్లనక్కరలేదు. ఊరి దీపాలకు దూరముగా ఒక పొలము గట్టునో చెరువు కట్టనో ఎంచుకొనండి. బావులు, పుట్టలు లేవని పగలే చూచుకొనండి. అమావాస్య రాత్రి పిల్లలతో వెళ్లి, దీపము ఆర్పి, ఇరవై నిమిషాలు ఓపికగా ఉండండి. మన ఇంటి దీపానికి, మందిరపు దీపానికి పైన ఒక రేకు మూత అమర్చితే వెలుగు నేలకే పడుతుంది. గొఱ్ఱెలు కాచిన దావీదు చూచిన ఆకాశము మన పిల్లలకూ మిగులుతుంది.