పాత దుకాణము - క్రొత్త బేరము

ఉప్పు పప్పులు మొదలు పట్టుచీరల వఱకు నేడు మనము ఫోనుమీదనే, బేరమైన నాడకయే, కొనుచున్నాము. సరుకు గుమ్మము ముందుకు వచ్చుచున్నది. కొనువారికిది సుఖమే. కాని యేండ్ల తరబడి దుకాణము నడుపుచున్న పాత వర్తకులు ఈ యింటర్నెట్టు వ్యాపారమున దిగినచో లాభము పొందగలరా, లేక యున్నదియు పోగొట్టుకొందురా? మా మామగారు పెట్టిన కిరాణా దుకాణమే మా కుటుంబమునకు జీవనాధారము గనుక ఈ ప్రశ్న మాకు ప్రొద్దుపుచ్చు ముచ్చట కాదు. క్రొత్త పద్ధతికి మారవలెనని మా మఱది, వలదని మావారు నిత్యము భోజనములవేళ వాదించుకొనుచుండగా, ఈ విషయమును గూర్చి మేమును కొంత చదివి తెలిసికొంటిమి.

అమెరికాలో వెబ్‌వాన్ అను క్రొత్త కంపెనీ 1999లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున ఇంటింటికి వెచ్చములు చేర్ప మొదలిడెను. దానికి పాత దుకాణ మొక్కటియు లేదు. పెద్ద గిడ్డంగులు కట్టి, యంత్రములు నిలిపి, వేఱు పట్టణములకును వ్యాపించెను. ఆ వ్యయమునకు తగినన్ని ఆర్డర్లు రాలేదు. 2001 జూలైలో దివాలా తీసెను.

ఇంగ్లండులోని టెస్కో యట్లు చేయలేదు. 1919లో జాక్ కోహెన్ లండను సంతలో చిన్న బడ్డీగా ప్రారంభించిన వ్యాపారమది. ఇంటర్నెట్టు ఆర్డర్లు తీసికొన మొదలిడినపుడు, ఉన్న దుకాణములలోని సరుకునే పనివారిచే ఏర్పించి బండ్లలో పంపెను. చేర్చినందుకు 5 పౌనుల వఱకు రుసుము పుచ్చుకొనెను. కొన్ని యేండ్లలోనే ఆ శాఖ లాభము చూపెను. ఉన్న పొయ్యిమీద మఱియొక గిన్నె యెక్కించుటకును, క్రొత్త వంటిల్లు కట్టుటకును గల భేదము ఇల్లాండ్రకు వేఱుగా చెప్పవలెనా?

అయినను పాతదనమొక్కటే రక్షింపదు. అమెరికాలో పుస్తకములమ్ము బోర్డర్సు కంపెనీ 2001లో తన యింటర్నెట్టు అమ్మకమును అమెజాన్‌కు అప్పగించెను. ఆ త్రోవన కొనువారు అమెజాన్‌కే అలవాటుపడిరి. 2008లో బోర్డర్సు తిరిగి తానే నడుపబూనెను గాని అప్పటికే ఆలస్యమయ్యెను. అప్పులును తోడై 2011లో దుకాణములన్నియు మూతపడెను.

ఇవి చదివి వినిపింపగా మా యింట వాదము కొంత చల్లబడెను. అప్పుచేసి గిడ్డంగి కట్టరాదనియు, కొనువారిని పరుల కప్పగింపరాదనియు అన్నదమ్ములిరువురు ఒప్పుకొనిరి. ఇప్పుడు చుట్టుప్రక్కల నాలుగు వీధులవారు వాట్సాప్‌లో చీటీ పంపుచున్నారు. మా కుఱ్ఱవాడు సైకిలుమీద సరుకు చేర్చుచున్నాడు. దూరమునకు కొంచెము కూలి పుచ్చుకొనుచున్నాము. ఆ లెక్క దుకాణపు లెక్కలో కలియకుండ వేఱు పుస్తకమున మేమే వ్రాయుచున్నాము. బియ్యము, పప్పులపై మిగులునది స్వల్పము. అందులో సైకిలు మరమ్మతు, కుఱ్ఱవాని జీతము పోగా మొదటి రెండు నెలలు దాదాపు ఏమియు మిగులలేదు. మూడవనెల కొంత కనబడినది. అంతకంటె మాకు ధైర్యమిచ్చినది, ఇతరత్ర కొన మొదలిడిన పాత యిండ్లవారు కొందఱు మరల మా చీటీలలో కనబడుటయే.

సోదరీమణులకు ఒక్క మనవి. సరుకును ఉచితముగా చేర్తుమని యెవరైన చెప్పినపుడు, ఆ మోత కూలి ఎవరి సొమ్ములోనుండి పోవుచున్నదో ఒక్కమారు యోచింపుడు. ఆ సొమ్ము అయిపోయిన పిమ్మట ధర యెట్లుండునో కూడ లెక్కవేసి చూడుడు.