కుక్క అడ్డమొచ్చింది సారూ

మా క్యాజువాలిటీకి స్పీడుగా వెళ్లి పడినవాడు ఇంతవరకూ ఒక్కడూ రాలేదు. హైదరాబాద్–విజయవాడ హైవే పక్కన ఉద్యోగం నాది. రాత్రిపూట 108 సైరన్ వినపడని రోజు తక్కువ. అయినా వచ్చినవాళ్లంతా మెల్లగా పోతున్నవాళ్లే. "మా పోరడు మెల్లగనే పోతుండె సారూ, కుక్క అడ్డమొచ్చింది." కుక్క కాకపోతే బర్రె, బర్రె కాకపోతే ఇసుక, అదీ కాకపోతే ఎదురు లైటు. ఏదీ దొరక్కపోతే శని. కేస్ షీట్లలో నేను రాసిన కుక్కలన్నీ నిజమైతే ఈ చుట్టుపక్కల మనుషుల కన్నా కుక్కలే ఎక్కువుండాలి.

వింటే నవ్వొస్తుంది. వాడి ఒళ్లు చూస్తే రాదు. మెల్లగా పోతూ పడ్డవాడికి మోకాళ్లు చెక్కుకుపోతాయి, మహా అయితే మణికట్టు విరుగుతుంది. తొడ ఎముక రెండు ముక్కలై, కటి ఎముక విచ్చుకుని, ఎడమ పక్కటెముకల కింద ప్లీహం చిట్లిన కుర్రాణ్ని నా ముందు పడుకోబెట్టి మెల్లగా పోయాడంటే నమ్మేదెలా? వేగం రెట్టింపైతే ఢీకొట్టే శక్తి నాలుగింతలు, 40 కాస్తా 120 అయితే తొమ్మిదింతలు. ఎముక మాత్రం అదే ఎముక.

పోనీ, కుక్క నిజంగానే వచ్చిందనుకుందాం. గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. కుక్కను చూసి కాలు బ్రేకు మీదికి చేరేలోపే బండి అంత దూరం దూసుకుపోతుంది. 40లో అయితే 11 మీటర్లే. కుక్కా బతికేది, పిల్లాడూ లేచి దులుపుకుని ఇంటికెళ్లేవాడు.

ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు వచ్చాడు. బండి కొనకపోతే అన్నం ముట్టనని పంతం పట్టి సాధించుకున్న బండి. హెల్మెట్ ఉంది, నెత్తి మీద గాయం లేదు. గొంతులో ట్యూబ్ వేశాం, వెంటిలేటర్ పెట్టాం, స్కాన్ తీశాం. స్కాన్ దాదాపు శుభ్రంగా ఉంది. "ఏం లేదన్నరు గద సారూ, మరెందుకు లేస్తలేడు?" అని వాళ్లమ్మ అడిగిన ప్రశ్నకు నిలబడి జవాబు చెప్పలేక పక్కన కూర్చున్నాను. ముంత పగలకపోయినా లోపలి పెరుగు కదిలి విరిగినట్టు, పుర్రె బాగానే ఉన్నా లోపల మెదడు మెలితిరిగి సన్నటి నరాల పోగులు తెగిపోతాయమ్మా, అవి చాలాసార్లు స్కాన్‌లో కనపడవు అని చెప్పాను. ఆమె విన్నది "కనపడవు" అన్న ఒక్క మాటే. కనపడని జబ్బుకు మందెందుకు ఉండదని రోజూ అడిగేది.

ఆ అబ్బాయి బతికాడు. కొన్ని నెలల తర్వాత తల్లి భుజం పట్టుకుని నడుస్తూ వచ్చాడు. ఏడవాల్సిన చోట నవ్వుతున్నాడట, చదువు ఎక్కడం లేదట. పొలం అమ్మేసిన తండ్రి వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగాడు. "బండి మంచిగనే ఉంది సారూ, ట్యాంకు సొట్టపోయిందంతే. చిన్నోనికిద్దమనుకుంటున్న."

చిన్నోడు ఇంటర్. పద్దెనిమిది నిండలేదు. మైనర్ బండి నడిపి యాక్సిడెంట్ చేస్తే తండ్రికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా అని 2019లో చట్టం మార్చారని అరిచినంత పని చేశాను. ఆయన ఓపికగా విని, నన్నే ఊరడించబోయాడు. "ఈడు మెల్లగ నడుపుతడు సారూ."

ఇక రోడ్డు దాటుతూ ఈ మెల్లగాళ్ల కింద పడినవాళ్లు. తెల్లారుజామున కూలికి బయల్దేరిన ఆడవాళ్లు, పాలడబ్బా పట్టుకున్న ముసలాయన. వాళ్ల తరఫున చెప్పడానికి కుక్క కూడా ఉండదు. 2022లో దేశంలో రోడ్ల మీద పోయినవాళ్లు 1,68,491 మంది. అందులో నూటికి 71 మందిని అతివేగం ఖాతాలో వేసింది కేంద్ర రవాణా శాఖ. ఇంటివాళ్ల మాట నమ్మి లెక్క కట్టుంటే ఆ ఖాతా ఖాళీగా ఉండేది.

అబద్ధం ఎందుకో నాకు తెలుసు. పోలీసు కేసు, ఇన్సూరెన్స్ డబ్బులు, నలుగురిలో పరువు. కానీ దానివల్ల వైద్యం తప్పుదారి పడుతుంది. అతివేగంలో గుద్దుకుంటే ఛాతీ ఆగుతుంది, లోపల గుండె ఆగదు. ముందుకు ఊగుతుంది, పెద్ద రక్తనాళం వంపు దగ్గర చీలుతుంది. చాలామంది అక్కడే పోతారు. పైపొర ఒక్కటే నిలిచినవాడు మాత్రం మాతో మాట్లాడుతూనే ఉంటాడు, మంచినీళ్లడుగుతాడు. ప్లీహం చిట్లినవాడూ అంతే, మొదట్లో బీపీ బాగానే ఉంటుంది. మెల్లగా పడ్డాడన్న మాట నమ్మి కాలికి కట్టుకట్టి కూర్చుంటే తెల్లారేసరికి మనిషి ఉండడు.

అందుకని, స్ట్రెచర్ దించగానే స్పీడెంతో చెప్పండి. 110 అయితే 110 అనే చెప్పండి. తిట్లుంటే తర్వాత తిడతాను. ముందు ఛాతీకి, పొట్టకు, మెడకు స్కాన్ రాయాలి.