ఎవరి పాట వాళ్లకే

డిమెన్షియా వచ్చిన పెద్దవాళ్ల గదిలో పొద్దస్తమానం భక్తి చానెల్ పెట్టేసి, సంగీతం వినిపిస్తున్నాం కదా అనుకోవడం సరికాదు. ఏళ్ల తరబడి తెలిసిన పాటల్ని గుర్తుంచుకునే మెదడు భాగాలు అల్జీమర్స్‌లో మిగతావాటికంటే తక్కువ దెబ్బతింటాయని 2015లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు చూపించారు. పడుచు వయసులో విన్నవే ఎక్కువగా నిలుస్తాయి. ఎనభై దాటినవాళ్లలో కొందరికి అవి విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న ఘంటసాల, సుశీల పాడినవి కావచ్చు. మరి సినిమా హాలు మొహం ఎరగని శ్రీకాకుళం పల్లె అమ్మకి? ఊడుపుల్లో ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకున్న పాట, తెల్లార్లూ సాగిన జముకుల కథ, రొమ్ముకి కట్టుకున్న రేకు మీద దరువేసే తప్పెటగుళ్లు.

పాటతో పోయిన మతి తిరిగొస్తుందా అంటే, రాదు. కనీసం ఐదు విడతలు సంగీత చికిత్స ఇస్తే దిగులు తగ్గే అవకాశం ఉందనీ, జ్ఞాపకశక్తిలో మాత్రం పెద్ద తేడా ఉండకపోవచ్చనీ 2018 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది. నా మటుకు నాకు, ఆ దిగులు తగ్గితే చాలు, పూనుకోడానికి. పాట పెట్టి వెళ్లిపోకుండా పక్కన కూర్చోవాలి, చిరాకు పడితే ఆపేయాలి. ఊడుపు పాటలు వచ్చినవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు, ఈ సంక్రాంతికి వెళ్లినప్పుడు ఫోన్‌లో రికార్డు చేసుకోండి.