ఇతరుల జట్టు

ఓట్ల లెక్కింపు రోజున టీవీ తెర మీద ఒక పట్టీ నడుస్తూ ఉంటుంది. పెద్ద పార్టీల పేర్లు, వాటి పక్కన అంకెలు, చిట్టచివర 'ఇతరులు'. ఆ గడిలో ఎవరెవరున్నారో ఎవరూ పెద్దగా అడగరు. ఇండిపెండెంట్లు, చిన్న పార్టీలు, టికెట్ రాక అలిగి పోటీ చేసినవాళ్లు, ఒకరికొకరు ఏమీ కాని వాళ్లంతా ఒకే అంకె కింద సర్దుకుంటారు. 2016 సెప్టెంబరులో టొరంటోలో జరిగిన ఐస్ హాకీ ప్రపంచకప్‌లో ఆ గడికి జెర్సీ కుట్టించి, కోచ్‌ని పెట్టి, ఐస్ మీదికి దింపారు. దాని పేరు టీమ్ యూరప్.

ఆ టోర్నమెంటు పెట్టింది అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య కాదు. ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్ఎల్, దాని ఆటగాళ్ల సంఘం కలిసి పెట్టాయి. ఎనిమిది జట్లు. కెనడా, అమెరికా, రష్యా, స్వీడన్, ఫిన్లాండ్, చెక్ రిపబ్లిక్... ఆరు అయ్యాయి. 1996లో, 2004లో ఇదే కప్పు జరిగినప్పుడు మిగిలిన రెండు చోట్లూ స్లొవేకియా, జర్మనీలవి. ఈసారి వాళ్లను తీసేశారు. ఏ మ్యాచ్‌లోనో ఓడిపోయి కాదు. అసలు అర్హత మ్యాచ్‌లే లేవు. ఆ ఆరూ కాని యూరప్ దేశాల ఆటగాళ్లందరినీ కలిపి ఒక జట్టు చేశారు. కెనడా, అమెరికాల్లో 23 ఏళ్లు దాటని కుర్రాళ్లను కలిపి ఇంకో జట్టు చేశారు. హాలు బుక్ చేసినవాడే కదా శుభలేఖలు పంచేది!

నిర్వాహకుల లెక్క అర్థం కానిదేం కాదు. లీగ్ సీజన్ మొదలయ్యేలోపు దొరికేది రెండు వారాలు. టికెట్లు అమ్ముడుపోవాలి. టీవీలో ఏ మ్యాచ్ చూసినా హోరాహోరీగా ఉండాలి. ఏడో దేశమో ఎనిమిదో దేశమో వచ్చి ఎనిమిది గోల్స్ తేడాతో ఓడిపోతే ఆ సాయంత్రం వృథా. కానీ ఆ చిన్న దేశాల్లోనూ లీగ్‌కు పేరు తెచ్చిన ఆటగాళ్లున్నారు, వాళ్లను వదులుకోలేరు. అందుకని ఆటగాళ్లను పిలిచారు, దేశాలను పిలవలేదు.

మేం టొరంటో వచ్చి అప్పటికి ఎనిమిదేళ్లు. మా వాడికి ఆరేళ్లు. ఆదివారం పొద్దున్నే, ఇంకా చీకటి ఉండగానే వాణ్ని రింక్‌కి తీసుకెళ్లి, బెంచీ ముందు మోకాళ్ల మీద కూర్చుని స్కేట్ల లేసులు బిగించడం నా పని. వేళ్లు ఎర్రగా కందిపోయేవి. ఆట గురించి నాకు తెలిసిన కాస్తా ఆ బెంచీల దగ్గర తల్లుల కబుర్లలో తెలిసిందే. మిగతాది మా ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చునే బ్రాటిస్లావా ఆవిడ చెప్పింది. 2002లో స్లొవేకియా ప్రపంచ ఛాంపియన్ అయిన రాత్రి తన ఊళ్లో ఎవరూ నిద్రపోలేదని ఇప్పటికీ చెబుతుంది.

టీమ్ యూరప్ మొదటి మ్యాచ్‌లోనే అమెరికాను 3-0తో ఓడించింది. సెమీస్‌లో స్వీడన్‌ను ఓవర్‌టైమ్‌లో దాటేసింది. స్లొవేకియా, జర్మనీ, స్విట్జర్లాండ్, డెన్మార్క్, స్లొవేనియా, ఆస్ట్రియా, నార్వే, ఫ్రాన్స్ - ఎనిమిది దేశాల నుంచి ఏరుకొచ్చిన జట్టు ఫైనల్లో కెనడాకి ఎదురు నిలబడింది. రెండో ఫైనల్లో మూడు నిమిషాలు మిగిలున్నంతవరకూ 1-0తో ముందుంది కూడా. ఆ ఒక్క గోలూ స్లొవేకియా వాడైన చారాది. తర్వాత కెనడా రెండు గోల్స్ కొట్టి కప్పు పట్టుకుపోయింది.

మర్నాడు ఆఫీసులో ఆవిడను ఓదార్చబోయాను. "ఓడితే ఏముంది, మీ వాళ్లు ఫైనల్ దాకా వచ్చారుగా" అన్నాను.

"మా వాళ్లు వచ్చారు. మేం రాలేదు" అంది.

ఆ మాట నాతో చాలాకాలం ఉండిపోయింది. ఎందుకంటే దానికి ఎదురుమాట కూడా ఉంది. టీమ్ యూరప్ కెప్టెన్ ఆంజే కొపిటార్‌ది స్లొవేనియా. ఇంచుమించు మన విశాఖపట్నమంత జనాభా ఉన్న దేశం. సమాఖ్య ఏటా పెట్టే ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఒక నిచ్చెన లాంటిది. పైమెట్టు మీద పదహారు జట్లు. అడుగున నిలిచిన రెండు కిందికి దిగాలి, కింది నుంచి రెండు పైకి రావాలి. స్లొవేనియా ఆ మెట్ల మధ్య లిఫ్ట్‌లా తిరిగింది: 2011లో దిగింది, 2013లో దిగింది, 2015లో మళ్లీ దిగింది. ఎనిమిది దేశాలకే చోటున్న కప్పులో అలాంటి దేశం కెప్టెన్ ఫైనల్ ఆడటం జరిగే పని కాదు. 'ఇతరులు' గడి లేకపోతే ఆయనకు ఆ రెండు వారాలు లేవు. అంతవరకూ నిర్వాహకులకు దండం పెట్టాల్సిందే.

అయితే అదే కొపిటార్ అంతకు రెండేళ్ల ముందు, 2014లో, సోచీ ఒలింపిక్స్‌లో ఆడాడు. స్లొవేనియాను అక్కడికి ఎవరూ పిలవలేదు. అర్హత టోర్నమెంటులో గెలిచి వచ్చింది. హాకీలో ఆ దేశానికి అవే మొదటి ఒలింపిక్స్. కోచ్ ఆయన తండ్రి మాటియాజ్ కొపిటార్. స్లొవేకియాను 3-1తో ఓడించారు, ఆస్ట్రియాను 4-0తో ఓడించారు, క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లి స్వీడన్ చేతిలో 0-5తో చిత్తయ్యారు. లెక్క ప్రకారం చూస్తే టొరంటో ఫైనలే పెద్దది. కానీ ఆ 0-5 ఎవరి ఓటమి అంటే చెప్పడానికి ఒక పేరుంది. టొరంటో ఫైనల్ ఓటమి ఎవరిది? లుబ్లియానాలో దాన్ని ఎవరు తలచుకుంటారు, ఎవరు పిల్లలకు చెబుతారు?

2025 ఫిబ్రవరిలో ఎన్‌హెచ్ఎల్ మళ్లీ దేశాల పోటీ పెట్టింది, మాంట్రియల్‌లో, బోస్టన్‌లో. ఈసారి నాలుగే: కెనడా, అమెరికా, స్వీడన్, ఫిన్లాండ్. రష్యాను ఉక్రెయిన్ యుద్ధం కారణంగా సమాఖ్య 2022 నుంచే దూరం పెట్టింది, దాని సంగతి వేరు. ఆ సీజన్‌లో లీగ్ మొత్తం మీద అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టిన డ్రైసైటిల్ జర్మన్ కాబట్టి లేడు. పాస్టర్నాక్ చెక్ కాబట్టి లేడు. 'ఇతరులు' గడిని కూడా కొట్టేశారన్నమాట. అయినా అది ఎవరికీ పట్టలేదు. కెనడాను 51వ రాష్ట్రంగా కలుపుకుంటామని అమెరికా అధ్యక్షుడు పదే పదే అంటున్న రోజులు. మాంట్రియల్‌లో అమెరికా జాతీయగీతం మొదలవగానే జనం గోలగోలగా అరిచారు. ఆట మొదలైన తొమ్మిది సెకన్లలో మూడు కొట్లాటలు. ఫైనల్లో మెక్‌డేవిడ్ ఓవర్‌టైమ్ గోల్‌తో కెనడా 3-2తో గెలిచినప్పుడు మా వీధి వీధంతా అరిచింది. పదిహేనేళ్ల మా వాడు సోఫా ఎక్కి గెంతాడు. నేనూ అరిచాను.

ఆ ఉత్సాహం చల్లారాక, నిద్రపోయే ముందు వచ్చి అడిగాడు: "అమ్మా, నేను ఇండియాకి ఆడొచ్చా?"

వాడేమీ అంత గొప్ప ఆటగాడు కాదు. వాడికీ తెలుసు. ఫోన్లో లద్దాఖ్ వీడియోలు చూస్తున్నాడు, గడ్డకట్టిన చెరువుల మీద ఆడే పిల్లలవి. ఆడలేవురా అని చెప్పాను. దేశం తరఫున ఆడాలంటే ఆ దేశ పౌరుడై ఉండాలి. నాది ఇంకా ఇండియా పాస్‌పోర్టే, వాడిది కెనడాది. రెండూ ఉంచుకోవడం మన చట్టంలో లేదు. వాడి దగ్గరున్న ఓసీఐ కార్డుతో గుంటూరులో అమ్మమ్మ దగ్గర ఎన్నాళ్లైనా ఉండొచ్చు గానీ ఇండియా జెర్సీ వేసుకోవడానికి లేదు. వాడు కాసేపు ఆలోచించి, "పోనీలే, ఇండియాకి టీమైతే ఉందిగా" అని వెళ్లి పడుకున్నాడు.

ఉంది. 1989 నుంచీ సమాఖ్యలో సభ్యత్వం ఉంది. 2016 నాటికి కూడా ప్రపంచ ఛాంపియన్‌షిప్ నిచ్చెన అట్టడుగు మెట్టు మీద మన జట్టు కాలు పెట్టలేదు. కానీ అదే 2016లో, టొరంటోలో ఆ కప్పు జరగడానికి కొన్ని నెలల ముందు, ఇండియా మహిళల జట్టు మొదటిసారి అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడింది. తైపేలో, ఆసియా ఛాలెంజ్ కప్‌లో. ఎక్కువమంది లద్దాఖ్ అమ్మాయిలే. అన్ని మ్యాచ్‌లూ ఓడిపోయారు. మరుసటి ఏడాది బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌ను 4-3తో, మలేషియాను 5-4తో గెలిచారు.

ఈ ఆటలో అర్హత అంటే గెలిచే హక్కు అనుకునేదాన్ని. ఇప్పుడలా అనిపించడం లేదు. అది తన పేరుతో ఓడిపోయే హక్కు కూడా. ఓడిపోతేనే కదా ఎన్ని గోల్స్ వెనకబడ్డామో లెక్క తెలిసేది, వచ్చే ఏడాది ఆ లెక్క తగ్గించుకునేది. 2028లో ఎన్‌హెచ్ఎల్ మళ్లీ ప్రపంచకప్ పెడతానంటోంది. ఎనిమిదింటిలో ఆరింటిని వాళ్లిష్టప్రకారం పిలుచుకోనీ. కనీసం ఒక్క చోటు ఆడి గెలుచుకునేవాళ్ల కోసం ఖాళీగా ఉంచితే బాగుండు. ఆ చోటులోకి వచ్చినవాళ్లు ఎనిమిది గోల్స్‌తో ఓడిపోయినా సరే. తైపేలో ఆ అమ్మాయిలు ఓడిన ప్రతి మ్యాచ్ రికార్డులోనూ ఇండియా అనే ఉంది. ఇతరులు అని లేదు.