కోళ్ల గూటి దగ్గర నేర్చుకున్న పాఠము



మందిరము వెనుక మా సహధర్మచారిణి ఇరవై నాటుకోళ్లు పెంచేది. గడచిన వేసవిలో వాటికి కొక్కెర తెగులు తగిలింది. మెడలు వంకర తిరిగి, పచ్చగా పారుకుంటూ రోజుకు రెండు మూడు చొప్పున చనిపోయాయి. అప్పుడు మేము చేసిన పని చెప్పుకొనుటకు సిగ్గుగా ఉన్నది. ఇంట్లో మిగిలిపోయిన టెట్రాసైక్లిన్ గొట్టాలు విప్పి, పొడిని నీళ్లలో కలిపి పెట్టాము. ఆరు కోళ్లు బ్రతికాయి. మందు పని చేసిందని సంతోషించి, ఆ సంగతి సంఘములో కూడ చెప్పాము. విన్నవారిలో కొందరు అలాగే చేశారు.

తరువాత పశువుల డాక్టరుగారు వచ్చి విని, తల పట్టుకున్నారు. "పాస్టరుగారూ, కొక్కెర తెగులు వైరసు వలన వస్తుంది. ఈ మందు దానిని ఏమీ చేయదు. బ్రతికినవి వాటంతటవే బ్రతికాయి. మీరు చేసిందల్లా పేగులలోని క్రిములలో బలహీనమైనవాటిని చంపి, మొండివాటికి చోటివ్వడమే" అన్నారు.

ఆయన చెప్పిన సంగతి మాకు కొత్తది. కోడి పేగులలో కోట్లాది బాక్టీరియాలు ఉంటాయి. మందును తట్టుకొనే గుణము కొన్నిటిలో ప్లాస్మిడ్ అనే చిన్న వలయములో ఉంటుంది. ఒక క్రిమి ఆ వలయమునకు నకలు తీసి పక్కనున్న క్రిమికి అందిస్తుంది. అది తన జాతిదే కానక్కరలేదు. రెట్టలో బయటికి వచ్చి, ఎరువుతో పొలానికి, నీళ్లకు, మన చేతులకు చేరుతుంది.

కొలిస్టిన్ అనే మందు సంగతే చూడండి. ఇతర మందులు ఓడిపోయినప్పుడు మనుష్యులకు చివరిగా వేసే మందు అది. దానినే కోళ్ల మేతలో, పందుల మేతలో త్వరగా పెరుగుటకై కలిపేవారు. ఆ మందును తట్టుకొనే జన్యువు ఒక క్రిమి నుండి మరొక క్రిమికి దాటుచున్నదని 2015లో చైనా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. పందులలో, పచ్చి మాంసములో, రోగులలో కూడ అది కనబడింది. 2019 జూలైలో మన ప్రభుత్వము కోళ్లకు, ఆహారముకొరకు పెంచే ఇతర జంతువులకు ఆ మందును నిషేధించింది.

అదే వేసవిలో మా సంఘములోని ఒక అవ్వకు మూత్రములో చీము, విపరీతమైన జ్వరము వచ్చాయి. పరీక్ష కాగితములో ఏడు మందుల ఎదుట 'పని చేయదు' అని ఉన్నది. అవి కోళ్లనుండే వచ్చాయని ఎవరూ చెప్పలేరు. జ్వరమొచ్చినప్పుడల్లా రెండు మాత్రలు మింగి మానివేసే అలవాటు మనకందరికీ ఉన్నదే. పది రోజులు సూదులు వేయగా, దేవుని కృపను బట్టి అవ్వ లేచింది. పాడిగేదె మాత్రము అమ్ముడుపోయింది.

ఆ ఆదివారము మేము చేసిన తప్పును సంఘము ఎదుట ఒప్పుకున్నాము. కోళ్ల ఫారము ఉన్న ఒక సహోదరుడు లేచి, "అయ్యగారూ, మందు మానితే పిల్లలు చస్తాయి. బ్యాంకు అప్పు ఎవరు తీరుస్తారు?" అని అడిగాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. డాక్టరుగారినే పిలిపించి చెప్పించాము. జబ్బు చేసిన కోడికి మందు వద్దని ఎవరూ అనరు. డాక్టరు వ్రాసినది, వ్రాసినన్ని రోజులు పెట్టాలి. జబ్బు లేకుండ మేతలో కలపకూడదు. మందు పెట్టిన తరువాత గడువు తీరేదాక కోడినిగాని గుడ్డునుగాని అమ్మకూడదు. మొదటి వారములోనే కొక్కెర టీకా చుక్కలు వేయించాలి. ఊక పొడిగా, నీళ్లు శుభ్రముగా ఉంచాలి. ఇంట్లో పచ్చి మాంసము ముట్టిన చేతులు సబ్బుతో కడిగి, కూర బాగుగా ఉడికించాలి.

ప్రభువు చెప్పిన గురుగుల ఉపమానము మీకు తెలిసినదే. అక్కడ గురుగులు విత్తినవాడు శత్రువు. ఇక్కడ తెలియక విత్తినవి మన చేతులే. రేపు మన బిడ్డకు జ్వరమొస్తే పని చేయవలసిన మందును ఈరోజు కోళ్ల తొట్టిలో పారబోయకుందము. మనకు అప్పగింపబడిన ప్రాణుల విషయములో నమ్మకమైన గృహనిర్వాహకులుగా ఉండుటకు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.