ఫులేల్

మేం తలకు రాసుకునే నూనెకి రెండు పేర్లుండేవి. ఇంట్లో ఫులేల్. బళ్లో సాయిబుల నూనె.

ఫూల్, తేల్ కలిసి ఫులేల్. ఏం పువ్వు? మల్లె. ఏం నూనె? నువ్వుల నూనె. రెండూ మా నల్లగొండ మట్టిలో మొలిచినవే. అదే మల్లె పక్క బెంచీ పిల్లల జడల్లో ఉంటే మల్లెల వాసన. మా తలల్లో ఉంటే "అబ్బ, తురకోళ్ల వాసన". సినిమాలో అత్తరు సాయిబుని చూసి నవ్వే నవ్వే మమ్మల్ని చూసీ నవ్వేవాళ్లు.

నానీ ఎండాకాలంలో చేసేది. నువ్వులు నానబెట్టి, గోనెపట్టా మీద రుద్ది పొట్టు తీసి, కడిగి ఎండబెట్టేది. అసర్ నమాజయ్యాక మేం బుట్టలు పట్టుకుని మొగ్గలు తెంపాలి. విచ్చిన పూలు పనికిరావు, ఆ రాత్రికి విచ్చబోయేవే కావాలి. మల్లెను తెంపినా రాత్రంతా వాసన విడుస్తూనే ఉంటుంది. గులాబీ అలా కాదు, అందుకే కన్నౌజ్‌లో దాన్ని రాగి డేగ్‌లో కాచి ఆవిరి పడతారు. మల్లెకి పొయ్యితో పనిలేదు. తెల్ల దుప్పటి మీద పలచగా నువ్వులు, పైన మొగ్గలు, మళ్లీ నువ్వులు, మళ్లీ మొగ్గలు, ఆపైన ఇంకో గుడ్డ. పొద్దున్నే జల్లెడ పట్టి వాడిన పూలు ఏరేసేది. ఒక్క రేకు మిగిలినా చెమ్మ పట్టి నువ్వులు ముక్కిపోతాయని భయం. సాయంత్రం మళ్లీ కొత్త మొగ్గలు. ఇలా పది రాత్రులు. గింజలోని నూనె ఆ వాసనంతా తాగేసేది. ఆ తర్వాత గానుగ. వేరుశనగ ఆడిన గానుగలో వేస్తే అంతా పాడని, మాకంటే ముందు నువ్వులే ఆడిన రోజు చూసుకుని వెళ్లేవాళ్లం.

మా రెండు పొదలు చాలేవి కావు. సగం మొగ్గలు పక్కింటి టీచరమ్మగారి పెరట్లోవి. గోడ మీంచి బుట్ట వచ్చేది, నూనె ఆడించాక ఒక సీసా వెళ్లేది. "మీ అమ్మమ్మ మల్లెనూనె" అనేవారు ఆవిడ. దానికి మూడో పేరు పెట్టింది ఆవిడొక్కరే.

1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చేశారు. 1993 ఎండాకాలం బుట్ట రాలేదు. అసర్ తర్వాత మేం గోడ దగ్గర నిలబడ్డాం. అవతల మొగ్గలు కనిపిస్తూనే ఉన్నాయి. మగ్రిబ్ అజాన్ అయింది. నానీ ఏమీ అనలేదు. నానబెట్టడానికి తీసిన నువ్వుల్లో సగం మళ్లీ డబ్బాలో పోసేసింది. సీసా మాత్రం మామూలుగానే పంపింది. టీచరమ్మగారు తీసుకున్నారు. గోడ దగ్గర కాదు, వీధి గుమ్మంలో.

ఇప్పుడు గుప్పెడు నువ్వులు తీసుకెళితే గానుగ ఎవరాడతారు! గాజు సీసాలో నువ్వుల నూనె పోసి, తడి లేకుండా ఆరబెట్టిన మొగ్గలు రాత్రికి వేసి, పొద్దున్నే వడగడుతున్నాం. కుండీల్లో పూసినవే. నానీ నూనెలా రాదు.

మా అమ్మాయి ఆదివారం రాసుకుంటుంది. సోమవారం కాలేజీకి వెళ్లేముందు షాంపూతో రెండుసార్లు తలంటుకుంటుంది. ఎందుకని మేం అడగలేదు. బళ్లోకి అడుగుపెట్టే ముందు బోరింగు కింద తల పెట్టిన వాళ్లమే మేమూ.